మామ్మ పోస్టాఫీసు పుస్తకం

నా చిన్నప్పుడు కొండపల్లిలో మా వీధి మొత్తానికి గులాబి రేషన్ కార్డు ఉన్నది మా ఒక్క ఇంటికే. నాన్న థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగి కాబట్టి మాకు తెల్లకార్డు రాదు. మిగతా అందరివీ తెల్లకార్డులే. అందుకని మండలాఫీసు వాళ్ళు ఎంక్వైరీకి వస్తున్నారని తెలిస్తే చాలు, వీధిలోని టీవీలూ మిక్సీలూ టేబుల్ ఫ్యాన్లూ అన్నీ మా ఇంట్లోకి చేరేవి. ఎలాగూ మాకు పోయేదేమీ లేదు కదా. అమ్మ వాటి మీద దుప్పటి కప్పి తలుపు దగ్గరగా వేసేది. వచ్చినాయన వెళ్ళిపోయాక ఎవరి టీవీ వాళ్ళు మోసుకుపోయేవారు. వాళ్ళను నేను ఇప్పటికీ తప్పుపట్టను. పాత టీవీ ఒకటి ఉందని పిల్లల బియ్యం ఆపేస్తామనే వాళ్ళదే తప్పని నా ఉద్దేశం.

ఎదురింటి మామ్మ మాత్రం మా ఇంటికి ఒక చెంచా కూడా పంపేది కాదు. ఆమెకు భర్త పోయాడు, పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళుగా కొయ్యబొమ్మలకు రంగులు వేసి బతికింది. బొమ్మ ఎవరు చెక్కినా కళ్ళు దిద్దడానికి ఆమె దగ్గరికే వచ్చేది. నేను నాలుగో తరగతిలో ఉండగా మామ్మకు చూపు మందగించింది. ఆమె దిద్దిన కళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయేవి. షాపుల వాళ్ళు బొమ్మలు పంపడం తగ్గించి, చివరికి మానేశారు. అప్పుడు వితంతు పింఛనుకు అర్జీ పెట్టింది. అది వస్తే తప్ప ఆమెకు గడవదని నాకు కూడా తెలుసు. అమ్మ నా చేత రెండుసార్లు అన్నం పంపితే, ఆకలిగా లేదని రెండుసార్లూ గిన్నె తిప్పి పంపింది.

మామ్మకు పోస్టాఫీసులో ఒక పుస్తకం ఉండేది. తను పోయిన రోజున ఎవరూ చందాలు ఎత్తకూడదని, బొమ్మల డబ్బుల్లోంచి మిగిల్చి అందులో వేసుకుంది. ఎంత ఇబ్బందైనా దాని జోలికి వెళ్ళేది కాదు. ఆ పుస్తకం మాట ఎత్తొద్దనీ, తన మేకను మా పెరట్లో కట్టెయ్యమనీ వీధిలో అందరూ ఆమెకు చెప్పి చూశారు. ఆమె వినలేదు. పుస్తకం కనబడితే పింఛను ఎంక్వైరీకి వచ్చే గుమాస్తా సంతకం పెట్టడని అమ్మ నాన్నతో అనడం నా చెవిన పడింది.

ఎంక్వైరీ రోజు పొద్దున్నే, మామ్మ పెరట్లో మేకకు ఆకు వేస్తున్నప్పుడు, నేను ఆమె ఇంట్లోకి వెళ్ళి రేకు పెట్టెలోంచి ఆ పుస్తకం తీసేశాను. మా ఇంట్లో టీవీల వెనక, దుప్పటి కింద దాచాను. చాలా గొప్ప పని చేశాననుకుని, ఏమవుతుందో చూడాలని ఆ రోజు బడికి కూడా వెళ్ళలేదు.

గుమాస్తాగారు వచ్చి మామ్మ అరుగు మీద కూర్చుని కాగితాలు తీశారు. ఏమేం ఉన్నాయని అడిగితే ఆమె దాపరికం లేకుండా చెప్పుకుంటూ పోయింది. రెండు గదుల పెంకుటిల్లు, మేక, ముక్కుపుడక, పోస్టాఫీసు పుస్తకం. ఆయన కలం ఆగింది. చెడ్డ మనిషేమీ కాదు.

"మామ్మగారూ, ఆ పుస్తకం సంగతి నేను వినలేదనుకోండి. ఏమీ లేదని రాసేస్తాను," అన్నారు గొంతు తగ్గించి.

"విన్నారుగా బాబూ, రాయండి. తెచ్చి చూపిస్తానుండండి."

లోపలికి వెళ్ళింది. పెట్టెలోని చీరలన్నీ ఒక్కొక్కటే తడుముతున్న చప్పుడు బయటికి వినిపించింది. చాలాసేపటికి ఖాళీ చేతులతో వచ్చి, పొద్దున కూడా చూశానండీ అంది. చూడ్డానికి చేరినవాళ్ళలో ఎవరో నవ్వారు. అంతవరకూ మామ్మ ఎవరి ముందూ తల దించడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

వీధి దాటి పరిగెత్తి, మా తలుపు ఓరగా తీసి, పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. నా వెనకే అమ్మ తలుపు మూసేసింది. గుమాస్తాగారు మా తలుపు వంక ఒకసారి చూసి, మళ్ళీ కాగితాల్లోకి తల దించుకున్నారు.

మామ్మ నన్ను కొట్టలేదు. "నా కోసమే దాచావని తెలుసే పిల్లా. నా కళ్ళు పోగొట్టుకుని కూడబెట్టింది ఇది. ఇది లేదని చెబితే ఆ ముప్పై ఏళ్ళూ నేను బతకనట్టేగా," అంది. తరవాత ఆయన వైపు తిరిగింది. "రాయండి బాబూ. రాసింది చదివి వినిపించండి. పింఛను రాదంటే ఏ రూలు ప్రకారం రాదో అదీ కాగితం మీద రాసివ్వండి. నోటిమాట నాకొద్దు."

ఆయన రాశారు. పింఛను రాలేదు. మామ్మ మేకను అమ్మి, ఆ డబ్బుతో ప్రతి సోమవారం బస్సెక్కి మండలాఫీసుకు వెళ్ళేది. పింఛను ఇమ్మని అడిగేది కాదు. రాదని రాసిన కాగితం ఇమ్మని అడిగేది. అలాంటి రూలు ఎక్కడుందో అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు, కాబట్టి ఎవరూ రాసివ్వలేకపోయారు. పొమ్మంటే వచ్చే సోమవారం వస్తానని చెప్పి లేచేది. వర్షాలు వచ్చి వెళ్ళాయి, చలికాలం కూడా వెళ్ళింది. ఎండలు ముదిరాక పింఛను వచ్చింది. పుస్తకంలోని డబ్బు అప్పటికీ ముట్టుకోలేదు. ఆమె పోయిన రోజున వీధిలో ఎవరి దగ్గరా చందా ఎత్తాల్సిన పని పడలేదు.

మొన్న మా ఆయన పోయాక నేను కూడా వితంతు పింఛను అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి మంచిగానే మాట్లాడింది. ఆస్తుల దగ్గర ఏమీ లేదని కొట్టేస్తానండీ, అదే సేఫ్ అంది. వద్దన్నాను. ఇంట్లో నా వాటా, కుట్టు మిషను, బ్యాంకు పుస్తకం ఒక్కొక్కటే చెప్పి, తను కొట్టింది చదివి వినిపించమన్నాను.

"ఇవన్నీ పెడితే రాదేమోనండీ," అంది ఆ పిల్ల.

నేను కుర్చీ ముందుకు లాక్కుని సర్దుకుని కూర్చున్నాను.

"రాకపోతే ఏ రూలు ప్రకారం రాదో రాసివ్వమ్మా. సోమవారం మళ్ళీ వస్తాను."