సొరంగంలో రమ్ము

రమ్ము వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆ చీకటే గుర్తొస్తుంది.

అరకు వెళ్ళే రైలు బొర్రా దగ్గర సొరంగంలో ఆగిపోయింది. ముందు పట్టాల మీద బండరాయి పడిందన్నారు. లైట్లు లేవు, ఫ్యాన్లు లేవు. కొండంతా నా గుండెల మీదే కూర్చున్నట్టుంది. దిగిపోదామంటే ఎక్కడికి?

ఎవరో వెలిగించిన సెల్‌ఫోన్ వెలుతురులో, కిటికీ పక్కన కూర్చున్న నడివయసు మనిషి సంచిలోంచి సీసా తీసి మూత తిప్పాడు.

"ఇక్కడ తాగుతావేంటయ్యా?" అని కసిరాను.

"తాగడానికి కాదు బాబూ. కొండ కింద రమ్ము ఫ్యాక్టరీలో పీపాల గోడౌన్లో పని నాది. చెరుకు మడ్డితో కాసిన సరుకుని దొరల కాలంనుంచీ చెక్క పీపాల్లోనే ఏళ్ళకేళ్ళు మగ్గబెడతారు. అది రుచి సూడాలని మా అయ్యకి ఆశ. ఎప్పుడడిగినా, ఇంకా మగ్గనేదు, కాసేపాగు అనీవోణ్ణి. ఈ ఏడు పీపా తీసేరు. అయ్య ఆగనేదు, పోయేడు."

"మరి ఇదెవరికి?"

"మా అయ్యకే. ఈ కొండమీదే పాతిపెట్టేం. ఏది తాగినా ముందు పోయిన పెద్దోలకి నేలమీద పొయ్యాల కదా మేము."

చువ్వల్లోంచి చెయ్యి చాపి, సొరంగం గోడ వారగా సన్నటి ధారగా పోయసాగాడు.

రైలు ఒక్క కుదుపు కుదిపింది. పెట్టెలో అందరూ హమ్మయ్య అన్నారు. అతనొక్కడే "కాసేపాగు" అన్నాడు, చెయ్యి లోపలికి తీసుకోకుండా.