సాకు

ఇన్వర్టర్ అనగానే మా బళ్ళారిలో అందరికీ కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పేదే గుర్తొస్తుంది. పక్కనే కుడతిని ప్లాంటులో కరెంటు పుడుతున్నా మా వీధికి దాని అవసరం తప్పదు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేది దాని దాయాది గురించి. బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు ముక్కలు కోసి మోటారుకు వడ్డించే ఇన్వర్టర్ అది. ఆ ముక్కలనూ, మోటారు లోపలి అయస్కాంతాల గొడవనూ ఉన్నదున్నట్టు రాయబోతే బోర్డు చాలదు. అందుకే మోటారును నడపడానికి పనికొచ్చేంత మటుకు ఉంచుకుని మిగతాది వదిలేస్తాం. చివరికి మిగిలేవి రెండు అంకెలు: అడిగినదానికి ఎంత ఇస్తుంది, ఎంత ఆలస్యంగా ఇస్తుంది. మా ఆఫీసు గుమాస్తాకు కూడా ఈ రెండు అంకెలు సరిపోతాయంటే పిల్లలు నవ్వుతారు.

ఆ లెక్కతోనే మా అక్కకు చక్రాల కుర్చీ తయారుచేశాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కంటోన్మెంట్ దగ్గరి బడిలో టీచరు. కండరాలు కరిగిపోయే జబ్బు ముందు ఆమె కాళ్ళను పట్టుకుంది. మందు లేదని డాక్టరు తేల్చేసిన రోజు కూడా అక్క ఏడవలేదు. ఒకటే కోరింది, తనను ఎవరూ తొయ్యకూడదని. ఆదివారం చర్చికి తనంతట తాను పోవాలి, తనంతట తాను రావాలి.

కుర్చీ చక్రాలకు రెండు మోటార్లు, వాటికి ఇన్వర్టర్లు, అక్క కుడిచేతి కింద జాయ్‌స్టిక్. దాన్ని ఎంత వంచితే బండి అంత వేగంగా పోతుంది. మొదటి ఆదివారం చర్చి పెద్దాయన ఒకరు సాయానికని పరుగున వచ్చి కుర్చీ వెనక చెయ్యి వేశారు. అక్క చూసిన చూపుకు ఆ చెయ్యి జేబులోకి పోయింది. నాకు డిగ్రీ వచ్చిన రోజు కూడా అంత గర్వం కలగలేదు.

కొన్ని నెలలకు అక్క, బండి మొండికేస్తోంది చూడమంది. చూశాను. బండికేమీ కాలేదు. జాయ్‌స్టిక్ మునుపటంత వంగడం లేదు, అంతే. జబ్బు చేతికెక్కింది. వైరు వదులైందక్కా అన్నాను. సరేలే అంది. ఇద్దరికీ తెలుసు. తక్కువ వంపుకే పాత వేగం వచ్చేలా మొదటి అంకెను పెంచాను. ఆ తర్వాత బండి తరచుగా మొండికేసింది, నేను తరచుగా వైరు బిగించాను. జనం నోటితో గోరంతలు కొండంతలు చేస్తారు, నేను లెక్కతో చేస్తూ వచ్చాను.

దానికీ ఒక హద్దు వచ్చింది. అంకె పెరిగేకొద్దీ అక్క చేతి వణుకు కూడా పెద్దదైంది. వణుకును వడగడితే చెయ్యి తీసేసినా బండి వెంటనే ఆగదు. వడగట్టకపోతే వణికినప్పుడల్లా దూకుతుంది. ఏది అక్క కోరికో, ఏది వణుకో లెక్కకు తెలియదు. అడిగితే దేవుడు ఇస్తాడంటారు, ఆలస్యమైనా ఇస్తాడంటారు. ఆ రోజుల్లో నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం ఉండేది.

ఒక ఆదివారం చర్చిలో అందరూ తలలు వంచి ప్రార్థనలో ఉండగా అక్క చెయ్యి వణికింది. బండి ఎగిరిపడి మా ముందున్న బెంచీని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ అందరూ వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళలో చాలామందికి అక్షరాలు దిద్దబెట్టింది అక్కే. ఆమె తల దించుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

బయటికొచ్చాక నేను ఆగకుండా మాట్లాడాను. వైరేదో తగులుకుని ఉంటుందన్నాను, వడపోత మారుస్తానన్నాను, ఇంకో పద్ధతి ఉందన్నాను. అక్క కాసేపు విని, "సాకు," అంది.

కన్నడంలో సాకు అంటే చాలు అని. తెలుగులో నెపమని. మా ఇళ్ళలో రెండు భాషలూ ఒకే నోట కలిసి వస్తాయి. ఏ భాషలో అందో నేను అడగలేదు.

"మొండికేసింది బండి కాదులేవే. నాకు తెలీకుండా ఉండాదా? మోటార్లు ఆపేసి నువ్వే తొయ్యి."

చక్రాల నుంచి మోటార్లను విడదీసే మీటలు కుర్చీ కింద ఉంటాయి. వంగి వాటిని తిప్పాను. నా కళ్ళనీళ్ళు ఆమెకు కనపడకూడదని కాసేపు అలాగే వంగి ఉన్నాను. తర్వాత లేచి పిడి పట్టుకున్నాను.

చర్చి నుంచి మా ఇంటికి రోడ్డు ఎత్తెక్కుతుంది. ఎండ మండిపోతోంది. ఆటోలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. బ్యాటరీలు, మోటార్లు, ఆ ఇనుప చట్రం ఎంత బరువో చేతులకు తెలిసింది. సగం దారిలో ఆగి, ముందుకు వంగి కుర్చీలోకి చూశాను. అక్క కూర్చునే ఉంది. ఆ బరువులో ఆమెది మాత్రం నా చేతులకు తగల్లేదు.