మిద్దె మీది చేప

జమ్మలమడుగు పక్కన పెన్నా వెనకజలాల్లో మౌలాలి పని చేపలు పట్టడం కాదు, వేరేవాళ్ల గాలానికి చేపను తగిలించడం. అదేం పని అంటారా? చెప్తాను వినండి.

ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపినప్పుడు అతని ఊరు మునిగిపోయింది. అతని మిద్దె కూడా పోయింది. ఏనాటికైనా పైన ఇంకో గది వేద్దామని అందరిలాగే స్తంభాల మీద ఇనుప కంబీలు కోయకుండా వదిలాడు. గది రాలేదు, నీళ్లొచ్చాయి.

అదే ఊరి గుణశేఖర్ గట్టు మీద గుడారాలు వేశాడు. పొద్దున గుండ్రటి పుట్టి పడవలో చేపల వేట, సాయంత్రం జీపులో జింకల సఫారీ. “మా కాడికొచ్చి చేప పడకుండా పోయినోడు ల్యాడు సార్” అనేది అతని గొప్ప. వచ్చేది బెంగళూరు, హైదరాబాదు దొరలు. గాలం వేసి నిమిషం కాకముందే ఆవులించే రకం. వాళ్లకు పడటానికి చేపకేం ఖర్మ?

అందుకని మౌలాలి వల వేసి పట్టిన చేపను సంచిలో పెట్టి, నీళ్లలోని తన మిద్దె కంబీకి కట్టి ఉంచుతాడు. గుణశేఖర్ పుట్టిని సరిగ్గా ఆ మిద్దె మీదికి తెచ్చి ఆపుతాడు. నీళ్లలోనే నిలిచి ఎండిపోయిన తుమ్మచెట్ల చాటు నుంచి మౌలాలి మునిగి వచ్చి, చేపను గాలానికి గుచ్చి, దారం ఒక్క గుంజు గుంజి, మళ్లీ చెట్ల చాటున తేలతాడు. పైన కేకలు, ఫోటోలు! ఒడ్డున అతని భార్య హఫీజా ఆ చేపకే పులుసు పెడుతుంది. ఏం జరిగినా గెస్టుల కళ్లెదుట తేలకూడదన్నది షరతు. తేలితే మొగుడూ పెళ్లాలిద్దరికీ పని పోయినట్టే.

గుణశేఖర్‌కు ఈత నేర్పింది మౌలాలే. ఊరి బావిలో నడుముకు బెండ్లు కట్టి దింపి, వాడు మునిగినప్పుడల్లా జుట్టు పట్టి పైకి లాగాడు. అందుకే “గుణ పైనుంటే నాకేం భయం” అనేవాడు. పిచ్చి మారాజు!

ఆ రోజు గెస్టు అవినాష్ అనే బెంగళూరాయన. చేప ఇంకా మౌలాలి చేతిలో ఉండగానే తొందరపడి గాలం లాగాడు. చేప జారిపోయింది. కొక్కెం మౌలాలి కుడి అరచేతిలో దిగబడింది. పైన దారం బిగిసింది. మౌలాలి రెండో చేత్తో కంబీని పట్టుకున్నాడు. అతను ఎంత పట్టుకుంటే పైన అంత లాగుడు. ఒక్క తన్ను తంతే గాలి అందుతుంది. కానీ తేలకూడదు కదా! రొమ్ము పగిలిపోతుందనిపించినప్పుడు నైలాన్ దారాన్ని పళ్లతో కొరికి తెంపి, ఎలా ఈదాడో అతనికే తెలియదు, చెట్ల చాటున పడ్డాడు.

వంటశాల వెనక హఫీజా పట్టకారుతో కొక్కెం పీకింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టింది.

“పైన కూసున్నోనికి తెలీలేదా? నీళ్లలో నెత్తురు కనపడలేదా?”

“తెలిస్తే దారం కోసేటోడు గదా. కత్తి వాని నడుముకే ఉంటాది.”

“తెలిసీ కోయలేదనుకో, ఈ పొద్దే నేను ఆ పొయ్యి ఆర్పేసి పోతా. నువ్వు వచ్చినా రాకున్నా సరే.”

హఫీజా అన్నదంటే చేసే మనిషి. పోతే యాడికి పోవాలి? ఊరు నీళ్లలో ఉంది.

సాయంత్రం జీపు శనగచేల వైపు కదిలింది. గుణశేఖర్ నడుపుతున్నాడు. జింకలు చూపించేది మౌలాలే. చేలో మంద కనబడగానే అవినాష్ గుసగుసగా, “శబ్దం చేయకండి, పాపం బెదిరిపోతాయి” అన్నాడు. ఎంత సున్నితమైన మనసో! తర్వాత మౌలాలి చేతి కట్టు చూశాడు.

“ఏమైంది?”

“ముల్లు గుచ్చుకునింది సార్.”

“అయ్యో. నువ్వు లేవు కానీ, పొద్దున నాకు ఎంత పెద్ద చేప తగిలిందో! ఒకసారి నీళ్లలో మనిషి వేళ్లలాంటివి కనబడ్డాయి. భయమేసి, దారం కోసేయండి అన్నాను. గుణశేఖర్ గారే, ‘అవి రెక్కలు సార్, ఇడవొద్దు’ అని నాతోపాటు పట్టి గుంజారు. అయినా తెంపుకుని పోయింది.”

మౌలాలి ముందు సీటు వైపు చూశాడు. గుణశేఖర్ తల తిప్పలేదు.

“శానా పెద్దదే అయ్యుంటాది సార్,” అన్నాడు మౌలాలి.

గుడారాల దగ్గర దిగాక గుణశేఖర్ అతన్ని పక్కకు పిలిచాడు. “మామా, సార్ ఇంకో దినం ఉంటాండు, ఆ చేప కోసమే. రేపు ఎడమచేత్తో తగిలియ్యి.” భుజం తట్టి వెళ్లిపోయాడు.

వంటశాలలో హఫీజా గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

“అడిగినావా? వానికి తెలుసునంటనా?”

మౌలాలి ఆమె మొహం చూడలేదు. గోడకున్న వలను ఎడమచేత్తో దించుకున్నాడు.

“తెలీదంట,” అన్నాడు. “పాపం, గుణకు ఏమీ తెలీదు.”