మట్టిగోడ కింది నీడ

పోయిన ఎండాకాలం పాపను తీసుకుని వికారాబాదులోని అమ్మగారింటి నుంచి తాండూరు వచ్చేశాను. మావారు ఇక్కడ ఊరి బయట ఒక నాపరాతి గనిలో సూపర్వైజరు. నేను రాకముందే ఆ గనిలో మట్టిగోడ విరిగిపడి ఒక మనిషికి నడుము పోయింది. ఆయన చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది. అప్పటి నుంచి ఆయన ఇంటికి రావడం కాస్త ఆలస్యమైనా నాకు అన్నం సహించేది కాదు.

రాయి మీద మనిషికి మించిన ఎత్తున నల్లమట్టి గోడలా ఉంటుంది. దాన్ని తీస్తేగాని బండ బయటపడదు. పైనుంచి తవ్వుకుంటూ రావడం కష్టమని కూలీలు అడుగున తొలిచేవారు. అడుగు ఖాళీ అయితే పైది తనంతట తానే కూలుతుంది, సగం పని తప్పుతుంది. ఎప్పుడు కూలుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక అడుగున తొలవకూడదని ఆయన నియమం పెట్టారు. గోడకు కొంచెం ఎడంగా సున్నంతో గీత గీయించి, దాన్ని దాటి ఎవరూ లోపలికి పోవద్దన్నారు. రోజూ పనిలోకి దిగేముందు అందరినీ నిలబెట్టి చెప్పేవారు. అందరూ తలలూపేవారు. మట్టిగంపలు మోసే ఆడవాళ్లు మాత్రం పసిపిల్లలను తెచ్చి సరిగ్గా ఆ గోడ కిందే పడుకోబెడుతున్నారట. కేకలేస్తే తీస్తారట, ఈయన అటు తిరగగానే మళ్లీ పెడతారట.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కలో పాప ఊపిరి వింటూ ఆ పిల్లలనే తలచుకున్నాను. తల్లులై ఉండి ఎలా పెడతారో అర్థం కాలేదు.

ఒకరోజు ఆయన సద్ది మరిచిపోతే, పాపను చంకనేసుకుని నేనే తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం. గనిలో చెట్టన్నది లేదు, బండల మీది నుంచి సెగ ముఖానికి కొడుతోంది. పాప మొహమంతా కందిపోయి గుక్కపట్టింది. నీడ కోసం చూశాను. ఉన్నది ఒక్కటే, ఆ మట్టిగోడ కింద తొలిచిన చోటు. కొంగు కప్పుకుని గబగబా అటు నడిచాను. కాలికింద సున్నం కనబడి ఆగిపోయాను.

గోడ కింద ఒకామె బిడ్డకు పాలిస్తూ కూర్చుంది. పెద్దేముల్ దిక్కు నుంచి పనికి వస్తుంది.

“రా అమ్మా, పొల్లను ఎండల సంపుతవా ఏంది?” అంది.

“గోడ పడితే?” అన్నాను.

“గోడ ఎప్పుడు పడుతదో ఏమో. ఎండయితె దినాం కొడుతది. మీ సారు మాకు గీత గీసిండు గని, ఎండకు గియ్యకపాయె.”

పక్కనున్న వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పసిదాని తలకు పైన మట్టిలో నెర్రె నా వేలు పట్టేంత ఉంది.

ఇంటికొచ్చాక ఆయనతో, గీతకు ఇవతల నీడ ఉంటేనే వాళ్లు అవతలికి పోరని చెప్పాను. తాను గోడ సంగతి మాట్లాడుతుంటే నీడ సంగతి ఎత్తుతావేమని విసుక్కున్నారు. కాని మర్నాడే వెళ్లి గని యజమాని సేటును పందిరి అడిగారు. నీడ వేస్తే కూలీలు పడుకుంటారని సేటు ఒప్పుకోలేదు. దాంతో తానే విరిగిన బండలను గీతకు ఇవతల నిలువుగా పాతించి, పైన జొన్నసొప్ప పరిపించారు. సొప్ప ఆడవాళ్లే మోసుకొచ్చారు. ఆ రోజు నుంచి పసిపిల్లల జోలెలన్నీ ఆ పందిట్లోకి మారాయి. గీత దాటవద్దని ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

తొలిచిన గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది. వానలు పడేలోపు పైనుంచి దింపించాలని ఆయన అంటూనే ఉన్నారు. వానే ముందొచ్చింది, ఒక రాత్రంతా కురిసింది.

తెల్లారి ఆయన వెంట నేనూ వెళ్లాను. గోడ లేదు. నల్లమట్టి సున్నపుగీతను ముంచి, పందిరి దాకా పారి, ముందు వరస బండల మొదళ్లలో ఆగింది. గీత చాలినంత దూరంలో ఉందని మేమంతా నమ్మాం. నేను పాపను గట్టిగా పట్టుకున్నాను.

ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు పందిరి బండలు పెకలిస్తున్నారు. మళ్లీ ఎక్కడ పాతాలో ఈసారి ఆయన కొలవలేదు. వాళ్లనే అడిగారు.

“ఇంక జర ఎనకకు” అంది పెద్దేముల్ ఆమె. ఆయన వెనక్కి నడిచారు.

“ఇంక జర.”

ఆ దూరం చాలని నాకూ అనిపించడం లేదు.