రేడియేటర్‌లో గుప్పెడు పసుపు

నేను చిన్నప్పుడు రాయడం నేర్చుకోకపోవడానికి కారణం మిరపకాయలు. మా ఊళ్ళో మిర్చి ఏరుడు మొదలైతే పిల్లలమందరం తోటలోనే ఉండేవాళ్ళం. సాయంత్రం ఎంత కడుక్కున్నా వేళ్ళకు పట్టిన ఘాటు పోయేది కాదు. మరునాడు బడికి పోయి, అదే చేత్తో కళ్ళు నలుపుకుంటే ఇక ఏడుపే. పక్కన కూర్చున్న పిల్ల పలక నేను తుడిచిపెడితే ఘాటు అంటుకుని ఆ పిల్ల కూడా ఏడ్చేది. పంతులు గారు కొంతకాలం ఓపిక పట్టి, ఏరుడు అయ్యాక పంపమని మా అమ్మకు చెప్పారు. ఏరుడు అయ్యేసరికి ఎండాకాలం సెలవులు వచ్చాయి. సెలవులు అయ్యేసరికి నాట్లు వచ్చాయి. అలా వాయిదా పడిన నా చదువు, నాకు మనవరాలు పుట్టాక మహిళా సంఘం వాళ్ళ సాయంకాలం తరగతిలో మళ్ళీ మొదలైంది. అక్షరాలు వచ్చిన ఊపులో బండి నడపడం కూడా నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకున్నాను.

మాకు సరుకులు మోసే ఒక చిన్న ట్రాలీ బండి ఉంది. మిర్చి కాలంలో చుట్టుపక్కల రైతుల బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు చేరవేస్తాం. నడిపేది మా ఆయన. నేను పక్క సీట్లో టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చునేదాన్ని. పోయిన మిర్చి కాలం నడుమ ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో ఉండాలని, బండి జోలికి పోవద్దని దవాఖానలో చెప్పారు. తాళంచెవి తన తమ్ముడికి ఇద్దామని మా ఆయన ఆలోచన. నేను అడ్డం పడ్డాను. లైసెన్స్ ఏమైనా బీరువాలో దాచుకోవడానికి తెచ్చుకున్నానా అని అడిగాను. రెండు పూటలు మాటామాటా అయ్యాక తాళంచెవి నా చేతికి వచ్చింది, ఒక షరతుతో.

“తొవ్వల బండి ఆగిపోయిందని ఒక్కసారి ఇన్ననంటే, తాళంచెవి తమ్మునికి పోతది. మళ్ళ నన్ను అడగొద్దు.”

నడపడం నాకు వచ్చు. బండికి నూనె, నీళ్ళు చూసుకోవడమే కొత్త. మా ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, బండి దిక్కు చూడకుండానే నాకు అన్నీ చెప్పేవాడు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే దాని మీద రెండు గీతలున్నాయి. వాటి మధ్యలో ఆయిల్ ఉంటే చాలన్నాడు. నాకు మనసొప్పలేదు. ఇంటికొచ్చిన వాళ్ళకు సగం కంచం వడ్డిస్తామా? ఆయన చూడట్లేదు కదా అని ఇంకొంచెం, మారు వడ్డించినట్టు మరి కొంచెం పోశాను. స్టార్ట్ చేయగానే వాకిలంతా పొగ. దగ్గుకుంటూనే ఆయనకు సంగతి అర్థమైంది.

“ఇంకింత తిను ఇంకింత తిను అనడానికి అదేమన్న మీ తమ్ముడా?” అన్నాడు.

బండి కిందికి దూరి, ఎక్కువైన ఆయిల్ తీసేశాను. ఆ తర్వాత అద్దం కడిగే నీళ్ళలో బట్టల సబ్బు పొడి కలిపి పోశాను. అద్దం మీద ఎంత నురగ వచ్చిందంటే, తొవ్వ కనపడక తల బయటపెట్టి నడిపాను. ఇవన్నీ చిన్నవే. బండి ఎక్కడా ఆగలేదు, తాళంచెవి నా నడుముకే ఉంది.

ఒకనాడు బండి కింద నీళ్ళ చుక్కలు కనపడ్డాయి. రేడియేటర్ కారుతోంది. మా ఆయనకు చెబితే రేపు పోవద్దంటాడని భయం. అందుకని మా వదినెకు, అంటే ఆయన అక్కకు, ఫోన్ చేశాను. ఆమె పెనిమిటి లారీ డ్రైవర్‌గా చేసిన మనిషి. రేడియేటర్ కారితే ఆయన చిటికెడు పసుపు వేసేవాడని, అది పోయి సందులో కూర్చుంటే చుక్క ఆగేదని చెప్పింది. నాకు వెంటనే నమ్మకం కుదిరింది. ప్రతి శుక్రవారం బండి ముఖానికి పసుపు రాసేది నేనే. బయట పనిచేసేది లోపల పనిచేయదా?

పసుపు డబ్బా తెచ్చి చిటికెడు వేశాను. నీళ్ళు కొంచెం కూడా రంగు తిరగలేదు. రంగు రాని కూర నేను ఎప్పుడూ దించలేదు. గుప్పెడు వేశాను.

మరునాడు చుక్క ఆగింది. బస్తాలు ఎత్తించుకుని బయలుదేరాను. మార్కెట్ దగ్గరికొచ్చాక వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. ఎర్ర గీతకు ఇంకా జాగా ఉండగానే బండి పక్కకు తీసి, ఇంజన్ బంద్ చేశాను. నింపాదిగా చాయ తాగి, చల్లబడిందనుకుని, తడి గోనెపట్టాతో రేడియేటర్ మూత తిప్పాను. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి గానీ, వాటి తొందర తగ్గలేదు. ఎగిరి నా నెత్తిన, ముఖాన, చీర మీద పడ్డాయి. ఎటు చూసినా ఎర్ర మిర్చి బస్తాలు, మధ్యలో పచ్చగా నేను.

ఒక హమాలీ మూట దించి మరీ నన్ను చూశాడు.

“ఏందక్కా, నలుగు పెట్టుకున్నవా? పెండ్లికొడుకేడీ?”

“ఇంటికాడ నల్లద్దాలు పెట్టుకోని కూసున్నడు” అన్నాను.

నవ్వుకుంటూనే బకెట్ నీళ్ళు తెచ్చి పోశాడు. బస్తాలు దించి, ముల్లు మీదే కన్ను పెట్టి, మధ్య మధ్య బండి ఆపి చల్లార్చుకుంటూ మెల్లగా ఇల్లు చేరాను. మా ఆయన కుర్చీలోంచి లేవకుండానే గాలి పీల్చాడు.

“పసుపు వాసన అత్తాంది. ఎవల పెండ్లి?”

దాచి లాభం లేదు. అంతా చెప్పాను. నేను నడుముకున్న తాళంచెవి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

“అయితే తొవ్వల బండి ఆగినట్టేనా?”

“అది ఆగలే. నేను ఆపిన. ముల్లు ఎర్రగీత ముట్టకముందే పక్కకు తీసిన.”

“ముల్లు చూసినవా?”

“ఎప్పుడూ చూస్తనే ఉంట. నువ్వు నడిపినప్పుడు గుడ నేనే గద చూసేది.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “తమ్ముడైతే చూడడు. పాటలు పెట్టుకోని ఇంజన్ కాలిందాక పోతడు” అని, తాళంచెవి సంగతి ఇక ఎత్తలేదు. వెళ్ళి స్నానం చేసిరమ్మన్నాడు. నేను లోపలికి పోతుంటే వెనక నుంచి, “పసుపు పెట్టేముందు దెబ్బ ఏడున్నదో చూడాలె గదనే” అన్నాడు.

మరునాడు పొద్దున్నే దెబ్బ వెతికాను. రేడియేటర్‌లో నీళ్ళన్నీ వదిలేసి, సందుల్లో ముద్దగట్టి అడ్డం పడ్డ పసుపంతా పోయేదాకా కడిగాను. మంచినీళ్ళు పోసి, పైపుల వెంట వేలు పెట్టి తడుముకుంటూ పోతే, కింది పైపు క్లిప్పు దగ్గర తడి తగిలింది. స్క్రూడ్రైవర్‌తో సగం చుట్టు బిగించాను. అంతే, చుక్క ఆగింది. ఆ నీళ్ళు మళ్ళీ వదిలేశాను. ఇక అందాజ పని వద్దనుకుని వంటింట్లోంచి బియ్యం కొలిచే సోల తెచ్చి, ఇంజన్‌ను చల్లగా ఉంచే కూలెంట్ ఒక సోల, మంచినీళ్ళు ఒక సోల చొప్పున నిండేదాకా కొలిచి పోశాను. పోశాక గుర్తొచ్చింది, కూలెంట్ తగిలిన సోల ఇక బియ్యానికి పనికిరాదని. మనవరాలి గోళ్ళ రంగుతో దాని మీద ‘బండిది’ అని రాసి సీటు కింద పెట్టాను.

ఆ పూట బియ్యం అందాజగా పోసి వండాను. మా ఆయన నల్లద్దాలు పైకెత్తి కంచంలోకి చూసి, అన్నమా, అంబలా అని అడిగాడు. బస్తాలకు ఆలస్యమవుతోందని చెప్పి బండెక్కాను.