ఆరు నిమిషాల నడక

2021 మార్చి 9, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. ఆసుపత్రి రెండవ అంతస్తు నడవాలో, ముప్పై మీటర్ల ఎడంతో నిలిపిన రెండు శంకువుల నడుమ, యాభై ఏడేళ్ళ నూలుమిల్లు కార్మికురాలు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళగలదో చూసే పరీక్షకు నడక మొదలుపెట్టింది. ఆమె తొడలోని రక్తనాళాలు పూడుకుపోయి, నడిచినప్పుడు పిక్కలకు చాలినంత రక్తం అందడం లేదు. శస్త్రచికిత్సతో బాగుచేసే వీలు లేదని వైద్యులు తేల్చారు. మధుమేహానికి వాడే ఒక ఇంజెక్షను ఇలాంటి నొప్పిని తగ్గించగలదా అని పరీక్షిస్తున్నారు. మధుమేహం లేకపోయినా ఆమెను అందులో చేర్చుకున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని ఉత్త నీళ్ళ సూది. ఎవరికేది పడుతున్నదో ఇచ్చేవారికీ తెలియదు.

మిల్లులో ఆమెను రైలు పిన్ని అంటారు. నూలు వడికే కదుళ్ళ వరుసల మధ్య, పట్టాల మీద బండిలా తిరుగుతూ తెగిన పోగులు అతకడం ఆమె పని. పిక్క పట్టేసినప్పుడల్లా, తెగని పోగు మీదికి కూడా వంగి నిలబడడం అలవాటు చేసుకుంది. పక్క వరుస పిల్ల కనిపెట్టేసింది.

“ఏం పిన్నీ, ఈమధ్య అన్ని స్టేషన్లలో ఆగుతున్నావ్?”

“ఎక్స్‌ప్రెస్సువి నువ్వు. నీకు దారివ్వడానికే ఆగా. పో ముందు.”

మేస్త్రీ నవ్వలేదు. “కూర్చుని చేసే పని మన దగ్గర లేదు పిన్నీ. ఆ సూదులేవో అయ్యేదాకా చూసీ చూడనట్టు ఉంటా. ఆపైన నా చేతుల్లో లేదు.”

సూదులు ఏడాది పాటు.

ఆ మొదటి పరీక్ష నాడు నడవాలో వంగి నిలబడడానికి పోగులు లేవు. ఒక నిమిషం కాగానే, స్టాప్‌వాచి పట్టుకున్న ఫిజియోథెరపిస్టు, “బాగా నడుస్తున్నారు. ఇంకా అయిదు నిమిషాలు,” అంది. ఆ మాటతో ఆమె పళ్ళు బిగబట్టి, ఆగకుండా 312 మీటర్లు నడిచింది. ఆ మెప్పు సంగతి మిల్లులో అందరికీ చెప్పుకుంది.

మూడవ వారం నుంచి కడుపులో తిప్పసాగింది. కూడా ఉండే చెల్లెలు సంబరపడింది.

“వాంతులవుతున్నాయంటే నీకు పడింది అసలుదే అక్కా. ఉత్త నీళ్ళు ఇంత పని చేస్తాయా?”

“కడుపుకి తెలిసింది. కాలికే ఇంకా కబురందలేదు.”

బరువు ఆరు కిలోలు తగ్గింది. పిక్క మాత్రం మునుపటికన్నా ముందే పట్టేయసాగింది.

ఆరవ నెలలో తన వంతు కోసం బల్ల మీద కూర్చుని ఉండగా, చేతికర్రతో కాలీడ్చుకుంటూ నడుస్తున్న ఒక పెద్దాయనకు అదే గొంతు అదే మాట చెప్పడం వినిపించింది. బాగా నడుస్తున్నారు. ఇంకా అయిదు నిమిషాలు. ఆయన అప్పటికి అవతలి శంకువైనా చేరలేదు. ఆ రోజు ఆమె నడిచింది 289 మీటర్లు. మిల్లులో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఏడాది నిండి, చివరి పరీక్షకు మొదటి శంకువు దగ్గర నిలబడినప్పుడు ఆమె అంది: “బాగా నడుస్తున్నారన్న మాట నాకొద్దు తల్లీ.”

“అందరికీ ఒకేలా చెప్పాలమ్మా. చెప్పకపోతే మీ నడక లెక్కలోకి రాదు.”

“లెక్కలోకొస్తే నా కాలు బాగవుతుందా?”

ఫిజియోథెరపిస్టు స్టాప్‌వాచి సున్నాకు తెచ్చింది. “అది నేను చెప్పలేనమ్మా.”

“అయితే చెప్పేయ్ ఆ మాటే. ఏడాదంతా కక్కుకున్నది ఊరికే పోవడమెందుకు.”

రెండవ నిమిషంలో ఆమె గోడకు ఆనుకుంది. కాసేపటికి కదిలింది. నాలుగవ నిమిషంలో మళ్ళీ ఆగింది. నిలబడి చేసే పనికి కాలు వస్తుందో రాదో మరునాడు మేస్త్రీకి జవాబు చెప్పాలి. గోడ వదిలి మరి కొంత నడిచింది. సమయం ముగిశాక ఫిజియోథెరపిస్టు ఆఖరి శంకువు నుంచి ఆమె పాదం వరకు టేపు పరిచి, కొలిచి, మొత్తం దూరం రాసింది.

241 మీటర్లు.