గొంతు దాకా ఎక్కిన కాయ

సింహాద్రి నా తమ్ముడి కొడుకు. కవిటి దగ్గర సముద్రపు ఒడ్డున వలలేసి బతికే కుటుంబం మాది. కాని తాతల నాటినుంచి మా చేతుల్లో తెడ్డుతో పాటు సాముగరిడీ కత్తి కూడా ఉంది. అమ్మవారి సంబరంలో మావాళ్ళు ముందు నడవందే ఘటం కదలని ఊళ్ళు ఉండేవి. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, కావాలంటే అడగండి.

సింహాద్రి ఆటలో జనం ఎదురుచూసేది ఒక్కదానికే. తను కళ్ళకు గంతలు కట్టుకుంటాడు. భార్య చిన్నమ్మి వెల్లకిలా పడుకుంటుంది. పొట్ట మీద బూడిదగుమ్మడి పిందె. గుజ్జు తోడేసి లోపల కుంకుమ నీళ్ళు పోస్తారు. కత్తి పడితే కాయ రెండు చెక్కలై ఎర్రగా చిమ్ముతుంది, ఒంటి మీద గీతైనా పడదు. పడుకునేది ఇంటి మనిషే కావాలి. గంతలు కట్టాక కాయ తెగకుండా కత్తి దించితే ఊరికి అరిష్టమంటారు.

ఎవడో అది ఫోనులో పెట్టాడు. అప్పటినుంచి వాడు సింహాద్రి కాదు, ఉద్దానం పులి. పొట్ట మీద కాయ పాతబడిపోయిందన్నారు. ఛాతీ మీదికి ఎక్కింది. అదీ చప్పబడింది. గొంతు మీదికి ఎక్కింది. గొంతు తర్వాత ఏముందో చూసేవాళ్ళకి తెలీదా? తెలిసే వచ్చేవాళ్ళు.

పలాసలో టీ తాగుతుంటే ఒకడు వెనకనుంచి వచ్చి డొక్కలో గుద్దాడు. పులి ఎంత గట్టిదో చూద్దామని. సింహాద్రి నవ్వి వాడితో ఫోటో దిగాడు. ఇంటికొచ్చి పక్క తిరగలేక మూలిగాడు. కాదనడం ఆ వెధవకి పుట్టుకతోనే రాదు.

ఈ ఏడు సంబరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఊరు మార్చి ఊరు ఆడి ఆడి కుడి మణికట్టు పనసతొనలా ఉబ్బింది.

"ఆ సెయ్యి సూసుకున్నావా? ఈపాలికి మానీ మావా," అంది చిన్నమ్మి.

"జగదీష్‌కి మాటిచ్చీసినాను. జనం ఎదురుసూత్తారు."

"జనం పీక మీద కాదు గదా కాయ పెట్టేది."

జగదీష్ నందిగాం అవతల ఒక ఊరి సంబరం కమిటీ కుర్రాడు. అక్కడికెళ్ళాక సింహాద్రి వాడిని బతిమాలాడు, ఇవాళ పొట్ట మీదే ఆడతానని.

"అలగనకు అన్నా. ఫ్లెక్సీలో పీక బొమ్మే ఏసినాం. పొట్టంటే కుర్రోళ్ళు నన్ను సంపీత్తారు."

ఆ మాట జనంలోకి పాకింది. ఒక కుర్చీ ఎగిరొచ్చి డప్పువాడి నుదురు పగలగొట్టింది. రెండో కుర్చీ లేచేలోగా చిన్నమ్మి పోయి పడుకుని, కాయ తనే గొంతు మీద పెట్టుకుంది.

"కానీ మావా. తెంపీసి ఇంటికెలిపోదాం."

వాళ్ళ వెంట వెళ్ళిన నేను ఆమె తలవైపే కూర్చున్నాను. గంతలు కట్టారు. కత్తి లేచింది. దిగేటప్పుడు ఆ వాచిన మణికట్టు పట్టు తప్పింది. కాయ పగిలింది, కత్తి మొన జారి మెడ పక్కనుంచి భుజం దాకా చీల్చేసింది. కుంకుమ నీళ్ళేవో నెత్తురేదో తెలియలేదు. జనం ఒకటే ఈలలు, వన్స్ మోర్ అని కేకలు. గంతల్లో ఉన్న సింహాద్రి ఆ కేకలు విని, కాయ ఒక్కటే తెగిందనుకుని, నలుదిక్కులా దండాలు పెట్టాడు.

జగదీష్ ఇంకో కాయ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఒదినా, ఒక్కపాలి."

చిన్నమ్మి లేచింది. సాము కర్ర అందుకుని వాడి మూతి మీద కొట్టింది. పళ్ళు రాలాయి. జనం అదీ ఆటలో భాగమనుకుని ఫోన్లతో ఇంకా దగ్గరికొచ్చారు. అందినవాడినల్లా కొట్టింది. మోకాళ్ళు, మోచేతులు, ఫోన్లు. "నా నెత్తుర్రా ఇది, నా నెత్తురు," అంటూనే కూలబడింది. ఇంకా దండాలు పెడుతూనే ఉన్న సింహాద్రి ఆ గొంతు విని గంతలు పీకేసి చూశాడు. కత్తి అక్కడే పారేసి, ఆమెను భుజాన వేసుకుని ఆటో దాకా పరిగెత్తాడు. టెక్కలిలో కుట్లు వేశారు.

కుట్లు విప్పకముందే జగదీష్ వాచిన మూతితో మా వీధికి వచ్చాడు. వెనక ఒక దండు.

"ఒదిన కొట్టిన వీడియో బాగా ఎలిపోయింది అన్నా. మావోళ్ళకి ఆ దెబ్బలే కావాలట. ఒదిన్ని తీసుకొచ్చీ."

"ఆడను," అన్నాడు సింహాద్రి.

"ఏటన్నావు?"

"నానాడను. అదీ ఆడదు. ఎల్లండి."

తల్లిని తిట్టారు, ఆలిని తిట్టారు. నీ ఫ్లెక్సీకి పాలు పోసిన మాకా ఎదురు చెప్తున్నావన్నారు. మొదటి రాయి రేకుల మీద పడింది. తర్వాత వానే. గుమ్మం పక్క కుండ పగిలింది. సింహాద్రి చేపలు కోసే కత్తి తీసుకుని గుమ్మం వైపు లేచాడు. బయట రాళ్ళు లేని చేతుల్లో ఫోన్లు లేచాయి.

చిన్నమ్మి మంచి చేత్తో వాడి లుంగీ పట్టుకుని లాగింది.

"కూకో. ఇప్పుడు నువ్వెల్తే అదీ ఆటే."

వాడు నిలబడ్డాడు. ఆ కత్తి పట్టుకుని గుమ్మం దాటితే ఎన్ని తలలు తెగేవో నాకు తెలుసు, మా రక్తం కదా. చివరికి కూర్చున్నాడు. చిన్నమ్మి అన్నం పెట్టింది. రాయి పడ్డప్పుడల్లా రేకు తుప్పు నెత్తళ్ళ పులుసులో రాలింది. తీసి పక్కన పడేసి, ఇద్దరూ తింటూనే ఉన్నారు.